నెల విడిచి నెల

ముందు కీ బిగించాలి.
అది మరిచి నీళ్లలో పెట్టినవాడు
గడియారాన్ని కడగడు, ముంచేస్తాడు.
నాన్న మాట ఇది. త్రియేస్తే రేవులోకి
ముప్పై ఏళ్లు ఓడలకు దారి చూపించిన మనిషి.

గోరువెచ్చని నీళ్లు,
గిన్నెలు తోమే సబ్బు ఒకే ఒక్క చుక్క,
పసిపిల్లల పళ్ల బ్రష్షు.
బల్ల మీద తువ్వాలు నాలుగు మడతలు,
ఒకవేళ చెయ్యి జారితే.

నాన్న వదిలి వెళ్లినవి రెండే:
కొంత అప్పు, ఈ స్విస్ గడియారం.
అప్పును చెరి సగం చేసుకున్నాం.
దీన్నెలా కోస్తాం?
నెల నాకు, నెల అన్నయ్య రుజ్జేరోకి.
ఆ పేచీలో నేనొక మాటన్నాను. అతను రెండన్నాడు.
పదకొండేళ్లయింది,
ఇంకో మాట పుట్టలేదు.

నెలాఖరు శనివారం, రేవు పక్కన నేవియా కాఫీ బారు.
ఇవ్వాల్సినవాడు రుమాల్లో చుట్టి ఇచ్చి పోతాడు,
తీసుకోవాల్సినవాడు గంట ఆగి వస్తాడు.
నేవియా ఇద్దరికీ ఒకే పాత్రలోంచి పోస్తుంది.

కడిగి ఇవ్వాలన్నది ఒప్పందం.
కడిగే ఇస్తాం. పైకి కడిగిన ముత్యమే.
కానీ ఈ ఉక్కు పట్టీకి ఎన్ని కీళ్లు!
పళ్లపుల్ల మొన పెట్టి కదిపితే
ఒక్కో కీలు ఒక్కో కబురు కక్కుతుంది.

ఒక మార్చిలో నీలం రంగు పొడి:
ముజ్జాలో ఎవరిదో పడవ అడుగు గీకుతున్నాడు.
వేసవిలో గోరంత చేప పొలుసు. అయితే
నడుం నొప్పి తగ్గి మళ్లీ వలకు పోతున్నాడన్నమాట.
ఒకసారి గోధుమపిండి.
అన్నయ్యేమిటి, వంటింట్లోకెళ్లడమేమిటి?
వదినకేమైంది?
ఆ నెలంతా పిండే నా బుర్రలో నానింది.

నా గోదాము ధూళి అతనికేం చెప్పేదో,
పచ్చి కాఫీ గింజల పొట్టు.
నిజం చెప్పాలంటే, చివరి రెండు కీళ్ల మధ్య
కాస్త వదిలేసేవాణ్ణి.
కావాలనే.

ఈ సాయంత్రం రుమాలు విప్పితే
గడియారం ఆగి ఉంది.
చేతికుంటే ఆగే రకం కాదు, మనిషి కదలికే దాని తిండి.
ఏ మణికట్టూ రెండు రోజులు మొయ్యకపోతేనే ఇలా.
పెట్టుకోబోతే పట్టలేదు.
కొక్కెం రెండు గళ్లు లోపలికి జరిపి ఉంది.
అన్నయ్యది నాకన్నా లావు చెయ్యి!

పుల్ల పెట్టాను.
తెల్లటి పొడి. పిండి కాదు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను. టాల్కమ్ పౌడరు.

పసిబిడ్డకు పూస్తారు, నీళ్లు పోశాక, మెడ మడతల్లో.
బిడ్డకు గీసుకుంటుందని గడియారం తీసి
పక్కన పెట్టి ఉండొచ్చు, తాత.
మంచం పట్టినవాడికీ పూస్తారు,
వీపు ఒరుసుకుపోకుండా.

మధ్యాహ్నం నేవియా ఏదో చెప్పబోయింది.
చిల్లర బల్ల మీద పెట్టి వచ్చేశాను,
పెద్ద మగాణ్ణిలాగా.

నీళ్లు చల్లారాయి.
కిటికీ రెక్కల్ని బోరా గాలి పట్టుకుని కుదుపుతోంది.
బ్రష్షు పొడిగానే ఉంది.
తుడవలేదు. కీ ఇవ్వలేదు.
నాన్న చూస్తే తిట్టేవాడే.
ఆ పొడితోనే రుమాల్లో చుట్టి
కోటు లోపలి జేబులో వేసుకున్నాను.

ముజ్జాకు ఆఖరి బస్సు ఇంకా ఉందో లేదో,
మెట్లు దిగుతూ టైము చూద్దామని
అలవాటుగా ఎడమ చెయ్యి తిప్పాను.
వట్టి చెయ్యి.